తలసరి పొగ

ఆ గురువారం మధ్యాహ్నం వరకూ భారతదేశం పరువంతా కృష్ణలంకలోని గంగాప్రసాద్ ఇంటి మీదే ఆధారపడి ఉంది.

హాలండ్ నుంచి వచ్చిన పరిశోధకుడు పీటర్ రెండు దేశాల తిండిని పోలుస్తున్నాడు. గింజ గానీ చేప గానీ పుట్టినచోటి నుంచి కంచంలోకి చేరేదాకా ఎంత పొగ వదిలింది, అది తలకి ఎంత పడింది అన్నది అతని లెక్క. మన వంతు వాళ్ల దాంట్లో చిన్న ముక్కేనని కాలేజీ లెక్చరర్ గంగాప్రసాద్ నిండు సభలో బల్లగుద్ది చెప్పాడు. "అయితే మీ ఇంటికొస్తాను. నా భోజనం డబ్బాలో తెచ్చుకుంటాను. రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం" అన్నాడు పీటర్. అందుకే గంగాప్రసాద్ పొద్దున్నే తల్లికి మెనూ అప్పగించాడు.

"ముద్దపప్పు, దోసకాయ పచ్చడి, మజ్జిగ. అంతేనమ్మా."

చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని తిరిగి అతన్ని చదివించిన రత్తమ్మ కళ్లెర్రజేసింది. "మన వాకిట్లోకొచ్చి డబ్బా తింటాడా? చేపలోళ్ల ఇంట్లో నీసు లేకుండా విస్తరేస్తానా?"

"చేపొస్తే ఐసు, ఐసొస్తే వ్యాను, వ్యానొస్తే పొగమ్మా!"

"పొగొస్తే రానీరా! ఆయన లెక్క కోసం మన మర్యాద మానుకోవాలా?"

కొడుకు అటు వెళ్లగానే ఆవిడ బందరులో ఉన్న తమ్ముడు బంగార్రాజుకు ఫోన్ చేసింది. "హాలండ్ దొరగారొస్తున్నారు తమ్ముడూ. మనింట్లో చేప ఎక్కణ్ణించొచ్చిందో, ఎట్లా వచ్చిందో అన్నీ రాసుకుంటారంట."

చేపల వ్యాపారి బంగార్రాజుకు దీని అర్థం ఒక్కటే తోచింది: ఎక్స్‌పోర్టు పార్టీ! అంతే, పండుగప్ప, చందువ, రొయ్యలు, పీతలు అన్నీ శాంపిల్‌కని ఐసులో పెట్టి వ్యాను నిండా పంపించాడు.

వ్యాను వచ్చేసరికి కరెంటు పోయింది. ఐసు కరిగిపోతోందని కోడలు సుధామణి పక్కింటివాళ్ల ఫ్రిజ్ కూడా అడిగి తెచ్చి, పెళ్లిళ్లకు అద్దెకిచ్చే జనరేటర్ పెట్టించింది. ఇంతలో గ్యాసు అయిపోయింది. రత్తమ్మ వాకిట్లోనే కట్టెల పొయ్యి ముట్టించింది. గంగాప్రసాద్ ఎదురెళ్లి పీటర్‌ను తీసుకుని సందు మలుపు తిరిగేసరికి అతనికి ఇల్లు కనిపించలేదు, పొగ కనిపించింది.

పీటర్ దగ్గుతూనే డీజిలు, ఐసు, కట్టెలు అన్నీ రాసుకున్నాడు. గంగాప్రసాద్‌కు ఏడుపొక్కటే తక్కువ. "మిగిలింది పారేస్తే అదీ లెక్కలోకి వస్తుంది" అని పీటర్ ఇంగ్లీషులో అన్నదాన్ని నీరసంగా తల్లికి చెప్పాడు.

"పారెయ్యడమా?" రత్తమ్మ గరిటె పట్టుకుని సందులోకి వచ్చేసింది. "చేపని పారేస్తే చేతులు పడిపోవూ! సంపూర్ణమ్మా, ఏసుపాదం, పిల్లాజెల్లాతో రండి! ఆ వ్యాను డ్రైవర్నీ, జనరేటర్ మనిషినీ కూడా కూచోబెట్టండి!"

సందు సందంతా వరసగా కూర్చుంది. పులుసు గిన్నెలో చుక్క కూడా మిగల్లేదు. పీటర్ ఓ మూల కుర్చీలో విమానంలో తెచ్చుకున్న మాంసం డబ్బా, జున్ను తిన్నాడు. అతని ఏసీ కారు సందు చివర ఇంజన్ ఆపకుండా ఎదురుచూస్తోంది.

చివరికి పీటర్ విస్తళ్లు లెక్కపెట్టి, మొత్తం పొగను అన్ని తలలకూ భాగించాడు. నమ్మకం కలగక మళ్లీ భాగించాడు. తన డబ్బానూ, విమానాన్నీ, కారునూ కూడా కూడుకున్నాడు.

"తలకి మీదే తక్కువ" అన్నాడు.

గంగాప్రసాద్ ఆ మాట తెలుగులో చెప్పేలోపే మొహం చూసి రత్తమ్మకు అర్థమైపోయింది. "పొగ మాదే, తలలూ మావే. రాసుకోమను!"

అప్పుడే బందరు నుంచి ఫోన్ మోగింది. "అక్కా, దొరగారు ఎన్ని టన్నులంటున్నారు?"

"ఒక్క ముక్క ముట్టలేదురా, పాపం!" అంది రత్తమ్మ.

హాలండ్ వైపు పొగను పంచుకోవడానికి పీటర్ ఒక్కడే ఉన్నాడు.