రెండో అంతస్తు కింద

ఇంగ్లండులోని ఆ యూనివర్సిటీలో లైబ్రరీ రెండో అంతస్తును విదేశీ విద్యార్థులు చేతులతో మోస్తారు. స్థానికుల ఫీజు ఇటుకలకు కూడా చాలకపోవడంతో పాతికేళ్ల కిందటే ప్లానులోంచి స్తంభాలు తీసేశారు. మనిషికి రోజుకు ఆరుగంటల వంతు. ఒక చెయ్యి చాలు, రెండో చేత్తో పుస్తకం పట్టుకోవచ్చునని ప్రవేశపత్రం వెనక చిన్న అక్షరాల్లో రాసే ఉంది. పైన వైస్ ఛాన్సలర్ గది, సెమినార్ హాలు ఉన్నాయి. ప్రతి గురువారం అక్కడ స్వావలంబన మీద ఉపన్యాసం జరుగుతుంది.

నరసన్నపేట నుంచి ఎమ్మెస్సీకి వచ్చిన హిమజకు మొదటిరోజే అనుమానం వచ్చింది. బరువు మీద కాదు, మర్యాద మీద. తుమ్మితే చాలు, ఇద్దరు అధికారులు పరుగెత్తుకొచ్చేవారు. పుట్టినరోజుకు వైస్ ఛాన్సలర్ సంతకంతో కార్డు, దాంతోపాటు భుజానికి రాసుకునే నూనె వచ్చాయి. ఇంత ప్రేమ ఊరికే ఎవరూ ఒలకబొయ్యరు.

ఆ మాటకొస్తే అనుమానం ఇంకా ముందే రావాల్సింది. ఇక్కడ చేరమని వీడియో కాల్లో ఊదరగొట్టిన సీనియర్ ప్రత్యూష, మాట్లాడినంతసేపూ కుడిచెయ్యి పైకెత్తే ఉంచింది. అదేమిటని అడిగితే, "బల్బు మారుస్తన్నానే" అంది. నలభై నిమిషాలు బల్బు మార్చేవాళ్లుంటారా? హిమజ ఆ ప్రశ్న మింగేసి ఫారం నింపింది.

చదువు పూర్తయింది. ఒకటో తారీఖున ఉద్యోగంలో చేరాలి, లేదంటే అది ఇంకొకరికి పోతుంది. పట్టా కోసం అర్జీ పెట్టుకుంటే, నియమం ప్రకారం విట్లాక్ అనే అధికారిణి పై అంతస్తులో నేలమీద గోళీకాయ పెట్టి, కింద వంతులో ఉన్న హిమజకు ఫోన్ చేసింది.

"ఒక్క అంగుళం చెయ్యి దించండి."

హిమజ దించింది. గోళీ దొర్లుకుంటూ వైస్ ఛాన్సలర్ బల్ల కిందికి పోయింది.

"క్షమించాలి. మీ చోటుకి ఒకరు రాగానే పట్టా ఇచ్చేస్తాం. మీ కాలేజీ జూనియర్లు ఎవరైనా ఉన్నారా?"

"ప్రత్యూషకి పట్టా ఎప్పుడిచ్చారు?"

రిజిస్టరు తిరగేసిన చప్పుడు వినిపించింది. "మీరు చేరిన రోజు మధ్యాహ్నం."

హిమజకు ఒళ్లు మండింది. ఏడుపూ వచ్చింది. కళ్లు తుడుచుకోవడానికి మాత్రం ఎడమచెయ్యే వాడింది.

గురువారం ఆమె తన వంతులో ఉండగానే నరసన్నపేటలోని జూనియర్ శ్రావ్యకు వీడియో కాల్ చేసింది.

"నిజం చెప్పక్కా, బాగుంటాదా అక్కడ?"

"బాగుంటాదే. మనల్ని నెత్తిన పెట్టుకుంటారు."

"మరి నీ కుడిచెయ్యి కనబడదేటి?"

పైన ఉపన్యాసం ముగిసి చప్పట్లు మొదలయ్యాయి. హిమజ అరచేతిని ఇంకాస్త గట్టిగా పైకి నొక్కింది.

"బల్బు మారుస్తన్నానే" అంది.

శ్రావ్య ఇంకేదో అడగబోయి మింగేసింది. అలా మింగెయ్యడం హిమజకు బాగా తెలుసు, నిరుడు తనూ అదే చేసింది. ఇప్పుడైనా ఫోన్ పెట్టెయ్యవే తల్లీ అని మనసులో వేడుకుంది.

"సరే, ఫారం పంపక్కా" అంది శ్రావ్య.

హిమజ ఎడమచేత్తో పంపించింది.