నలగని సూటు

ఆ రోజు తొమ్మిదిలోపు చెప్పెయ్యాలని మరకలాయన నిశ్చయించుకున్నాడు. తొమ్మిదే ఎందుకంటే, తొమ్మిదింటికి ఓనరమ్మ వచ్చేస్తుంది. చెప్పవలసింది ఒక్క మాట. దానికి నాలుగేళ్ళుగా ధైర్యం కూడదీసుకుంటున్నాడు. అన్నాళ్ళు నానబెడితే ఎంతటి మరకైనా వదులుతుంది గాని, ఇది వదల్లేదు.

డ్రైక్లీనింగ్ షాపులో మరకలు తీయడం ఆయన పని. బట్ట మీద ఏం ఒలికిందో, ఎప్పుడు ఒలికిందో వాసన చూసి చెప్పగలడు. మనిషి ముందు నోరు విప్పడం మాత్రం చేతకాదు. పైగా ఆయన మనసు పడ్డవారిని మనిషి అనడానికి కూడా లేదు. అదే షాపులో ఇరవై రెండేళ్ళు ఇస్త్రీ చేసి, ఒక మధ్యాహ్నం స్టీమ్ ప్రెస్ ముందు నిలబడి ఉండగానే కన్నుమూసిన ఇస్త్రీ మాస్టారు ఆయన. మరకలాయన ఉద్యోగంలో చేరింది ఆ తర్వాత ఏడాదికి.

మాస్టారు పోయారే గాని డ్యూటీ మానలేదు. ఉతికి ఆరేసిన ఏ చొక్కాలోకో దిగి, ఖాళీ చేతులతోనే తన పని తాను చేసుకుపోయేవారు. నోట మాట లేదు, నోరే లేదు గనక. ఆ చేతులు మాత్రం బోలెడు కబుర్లు చెప్పేవి. మరకలాయన జోకు వేస్తే చొక్కా భుజాలు ఎగిరెగిరి పడేవి. ఆయన దిగులుగా ఉంటే ఒక చెయ్యి వచ్చి వీపు నిమిరేది. మొదటి వారం మరకలాయన హడలి చచ్చాడు. రెండో వారానికి అలవాటుపడ్డాడు. మూడో నెలకల్లా ఆదివారం సెలవంటే ఏడుపొచ్చేది. ఓనరమ్మకి ఇదేం తెలియదు. ఆవిడకి చూపు ఆనదు, అద్దాలు పెట్టుకోదు. తాను కొన్న ప్రెస్ మంచిదని అందరికీ చెప్పుకుని మురిసిపోయేది.

మాస్టారితో రెండే ఇబ్బందులు. ఒకటి, షాపులోని ఆవిరి వెచ్చదనం మీదే ఆయన బతుకు. ఆ మాట వాడొచ్చో లేదో గాని, వేరే మాట లేదు. నిరుడు పొరపాటున ఒక చొక్కాతోపాటు డెలివరీకి వెళ్ళి, గంటలో తిరిగొచ్చినా తొమ్మిది రోజులు చెయ్యెత్తలేకపోయారు. రెండోది, ఇస్త్రీ అయిన బట్టలో చచ్చినా అడుగుపెట్టరు. నలుగుతుందని.

ఆ పొద్దున మరకలాయనకి ఈ రెండోది నచ్చలేదు. ఇంతటి మాట ముడతల చొక్కాతో చెప్పడమేమిటి? ఎదురుగా ఎవరో పెళ్ళికొడుకు నల్ల సూటు తళతళలాడుతూ హేంగరుకి వేలాడుతోంది.

"మాస్టారూ, ఇవాళ్టికి ఇందులోకి మారండి. ఐదంటే ఐదే నిమిషాలు."

చొక్కా చేతులు రెండూ అడ్డంగా ఊగాయి.

"నా కోసం మాస్టారూ. ఒక ముఖ్యమైన విషయం చెప్పాలి. గొంతు ఎండిపోతోంది, టీ తాగొస్తాను. ఈలోగా మారండి," అని జవాబు కోసం ఆగకుండా బయటపడ్డాడు.

టీ రెండు కప్పులైంది. తిరిగొచ్చేసరికి సూటు లేదు. చొక్కా బల్ల మీద చతికిలబడి ఉంది.

"పెళ్ళివాళ్ళ కారొచ్చింది, పంపించేశా," అంది ఓనరమ్మ, ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టి. "రిజిస్ట్రారాఫీసులో సంతకాలట. అంత తొందరేమిటో!"

మరకలాయన చొక్కాని తడిమి చూశాడు, ఖాళీ. మాస్టారు తన మాట విన్నందుకు ఫలితం ఇదా! బయట చినుకులు మొదలయ్యాయి. కుర్చీకున్న తన పాత ఉన్ని కోటు తగిలించుకుని పరుగందుకున్నాడు. కోటు వెచ్చగా తగిలింది. ఓనరమ్మ హీటరు దగ్గర పెట్టిందేమో అనుకున్నాడు. గుమ్మం దాటుతుంటే కోటు చెయ్యి తలుపు గడియకి చిక్కుకుంది. లాగాడు. మళ్ళీ చిక్కుకుంది. "దిక్కుమాలిన గడియ!" అని తిట్టి, విసురుగా విదిలించుకుని వీధిలో పడ్డాడు.

రిజిస్ట్రారాఫీసులో పెళ్ళికొడుకు కలం పట్టుకుని గజగజ వణుకుతున్నాడు. సూటు చేతులు అంతలా వణకడం చూసి, అది మాస్టారి వణుకే అనుకున్నాడు మరకలాయన. అప్పుడే చలి ఎక్కేసింది! షాపుకి చేరేదాకా ఆగుతారో లేదో. చెప్పడానికి ఇదే ఆఖరి అవకాశం కావచ్చు. కుర్చీలు తోసుకుంటూ వెళ్ళి ఆ రెండు చేతులూ పట్టేసుకున్నాడు.

"నాలుగేళ్ళుగా మీ పక్కనే నిలబడి పనిచేస్తున్నా. పొద్దున్నే తలుపు తీస్తూ, లోపల మీరుంటారో లేదోనని రోజూ భయమే. మీరు కనిపించాకే నాకు తెల్లారుతుంది. నాకు మీరంటే ప్రాణం. ఈ మాత్రం చెప్పడానికి ఇన్నాళ్ళు పట్టింది, నేనొట్టి దద్దమ్మని."

అలా చెబుతూ ఉండగానే మరకలాయన చేతులు వాటంతటవే వెనక్కి వచ్చి, ఆయన్నే గట్టిగా చుట్టేసుకున్నాయి. దుఃఖం పొంగితే ఇలాగే ఉంటుంది కాబోలు అనుకున్నాడు.

గదిలో అందరి నోళ్ళూ తెరుచుకుపోయాయి. ముందుగా తేరుకున్నది పెళ్ళికొడుకు తల్లి.

"నాలుగేళ్ళా! ఒరేయ్, ఎవర్రా ఈయన?"

"బట్టలిచ్చేటప్పుడు ఒకసారి చూశానమ్మా, అంతే!"

"మీ అబ్బాయి నాకొద్దమ్మా," అన్నాడు మరకలాయన కళ్ళు తుడుచుకుంటూ. "సూటు చాలు."

"మా వాడికేం తక్కువయ్యా!" అని ఆవిడ గయ్యిమంది.

పెళ్ళికూతురు మాత్రం కలం పక్కన పెట్టింది. "ఇన్నాళ్ళలో నువ్వొక్కసారైనా నాతో ఇలా మాట్లాడావా?"

"నువ్వు... బావుంటావు," అన్నాడు పెళ్ళికొడుకు.

"అంతేనా?"

"బాగా బావుంటావు."

"ముందా సూటు విప్పి ఆయనకిచ్చెయ్. ఇలాంటి మాట ఒక్కటి నీ నోటెంట వచ్చేదాకా నేను సంతకం పెట్టను."

బయట వాన దంచేస్తోంది. సూటు పైభాగం గుండెకి హత్తుకున్న మరకలాయన దాన్ని తడవనివ్వకూడదని తన ఉన్ని కోటు విప్పబోయాడు. చేతులు ఊడి రాలేదు. తడికి అతుక్కుందనుకుని, బలం కొద్దీ లాగేసి, సూటు మీద గుడారంలా కప్పాడు. "ఇంకొంచెం ఓర్చుకోండి మాస్టారూ, వచ్చేశాం," అని దారి పొడుగునా సూటుకి నచ్చజెబుతూ అరగంట నడిచాడు. సూటు మీద ఒక్క చుక్క పడలేదు. పైనున్న కోటు నీళ్ళోడుతోంది.

షాపులో దాన్ని నేల మీద పడేసి, సూటుని ప్రెస్ మీద పరిచి ఆవిరి పెట్టాడు. ఒకసారి, రెండుసార్లు, పదిసార్లు. సూటు సూటులాగే ఉంది.

"పొద్దుటినుంచీ ఏమిటయ్యా నీ తిక్క?" అంది ఓనరమ్మ. "నేనొచ్చేసరికి ఆ ఉన్ని కోటేసుకుని కుర్చీలో దర్జాగా కూచున్నావా? సూటు పంపెయ్యనా అంటే రెండు చేతులూ ఊపావు. సరే, కానివ్వమన్నావనుకున్నా. వెనక్కి తిరిగి ఫోనెత్తానో లేదో, వీధిలోంచి వస్తున్నావు. నడక వేగం బాగా పెరిగిందే అనుకున్నా."

 ఇస్త్రీ అయిన బట్టలో మాస్టారు కూర్చోరని మరకలాయనకి తెలుసు. తనని కాదనలేక, సూటుని నలపలేక, ఎప్పుడూ ముడతలు పడి ఉండే తన కోటులోకే దిగి కూర్చున్నారన్నమాట. గుమ్మం దగ్గర పట్టుకున్నది గడియ కాదు. ఆఫీసులో తనని చుట్టేసినవి తన చేతులు కావు. చెప్పిన మాటకి జవాబు అప్పటికప్పుడే వచ్చింది, తానే విదిలించుకున్నాడు. విదిలించుకుని, ఆ మనిషినే వానకి అడ్డం పెట్టాడు. ఎవరికి? ఒక ఖాళీ సూటుకి.

తడి కోటుని రెండు చేతులా ఎత్తి ప్రెస్ మీద పడుకోబెట్టాడు. ఆవిరి పెడుతూ ఇందాకటి మాటలన్నీ మళ్ళీ మొదటినుంచీ చెప్పాడు. కుడి చెయ్యి నెమ్మదిగా లేచి, ఆయన చేతి మీద వాలింది. ఆవిరి ఉన్నంతసేపూ అక్కడే ఉంది. తర్వాత అది కోటు చెయ్యి, అంతే.

తొమ్మిది రోజులు చూశాడు. ఇంకో తొమ్మిది చూశాడు. ఇస్త్రీ పని కూడా ఆయనే చేస్తున్నాడు, కాలర్లు వంకరగా వస్తున్నాయి. ప్రెస్ పాడైందని ఓనరమ్మ మెకానిక్కుని పిలిపించింది.

నెల తిరగ్గానే ఆ పెళ్ళికొడుకు వచ్చి కౌంటరు దగ్గర నసుగుతూ నిలబడ్డాడు.

"ఆవిడింకా సంతకం పెట్టలేదండీ. ఆ రోజు మీరన్న మాటలు కాస్త రాసిస్తారా? బట్టీ పట్టుకుంటా."

 మరకలాయన కాగితం తీసుకుని, ఒక్క మాట పొల్లుపోకుండా రాసి, అడుగున ఒక సూచన చేర్చాడు: చెప్పేముందు, ఎదురుగా ఉన్నది ఎవరో ఒకసారి సరిచూసుకోవలెను.