తాడు చివర మామగారు

ఆ రోజు పొద్దున వేసుకున్న పథకం చాలా చిన్నది. కోడలు వీసా ఆఫీసులోకి వెళ్తుంది, మామగారు గేటు బయట కూర్చుంటారు, పని కాగానే ఇద్దరూ బస్సెక్కి ఇంటికొచ్చేస్తారు. ఇందులో మామగారు చేయవలసిందల్లా కూర్చోవడమే. ఆ పని ఆయనకు అప్పజెప్పడంలోనే పొరపాటు జరిగింది. సర్వీసంతా బస్సులో నిలబడి గడిపిన మనిషి ఆయన. రిటైరై ఇంటికొచ్చినా వీధి వీధంతా ఇంకా కండక్టరుగారనే పిలుస్తుంది.

కోడలి ఉద్యోగం చెట్లెక్కడం. నడుముకి బెల్టు బిగించి, తాడు మీద వేలాడుతూ, ఎండిన కొమ్మల్నీ కరెంటు తీగల మీదికి వాలిన కొమ్మల్నీ కోసి, చెట్టుకి హాని లేకుండా కిందికి దించుతుంది. మొదట పార్కుల శాఖలో చేరి పని నేర్చుకుంది. ఆమె కొమ్మ దించే తీరు వీడియోలో చూసి, విదేశంలో చెట్ల సంరక్షణ చేసే కంపెనీ ఒకటి రమ్మని పిలిచింది. ఇక మిగిలింది వీసా ఒక్కటే. ఈ ఇంటర్వ్యూ చేజారితే మళ్లీ తేదీ దొరికేసరికి అక్కడ కొమ్మలు కత్తిరించే కాలం దాటిపోతుంది, ఆ ఉద్యోగం ఇంకొకరి పాలవుతుంది.

పెళ్లయిన కొత్తలో బంధువులు కొందరు కోడలు చెట్లెక్కుతుందటగా అని మూతులు తిప్పారు. ఎక్కుతుంది, మీరు కిందనుంచి చూసి పెట్టండి అన్నారు కండక్టరుగారు. అక్కడితో ఆగితే ఆయన కండక్టరుగారు ఎందుకవుతారు? సెలవు రోజుల్లో కోడలు బయటి పనులు ఒప్పుకుంటే, పసుపు హెల్మెట్ పెట్టుకుని కింద తాడు పట్టుకునే బాధ్యత తానే తీసుకున్నారు. ముళ్లు వేయడం ఆమె దగ్గరే నేర్చుకున్నారు. ఎవరైనా పొరపాటున మీ కోడలు చెట్లు కొడుతుందటగా అంటే, కొట్టడం వేరు, చూసుకోవడం వేరు అని మొదలుపెట్టి, అవతలివాళ్ల పాలు పొంగిపోయేదాకా వదిలేవారు కాదు.

ఇంత గర్వం ఉన్న మనిషికి ఒక్కటే దిగులు. కోడలు సన్నంగా ఉంటుంది, మెత్తగా మాట్లాడుతుంది. ఇస్త్రీ బట్టలేసుకుని కౌంటరు ముందు నిలబడితే ఏ ఆఫీసరైనా బ్యాంకు ఉద్యోగి అనుకుంటాడు గాని, చెట్టెక్కే మనిషంటే నమ్ముతాడా? ముందురోజు ఇదే మాట అని, పనిముట్లు పట్టుకెళ్లి చూపిద్దామంటే కోడలి అత్తగారు కొట్టిపారేసింది.

"మీరేం తీసుకెళ్లకండి. కుదిరితే నోరు కూడా ఇంట్లోనే పెట్టి వెళ్లండి," అంది.

కండక్టరుగారు నోరు పట్టుకెళ్లారు. దాంతోపాటు కోడలి కాగితాల సంచి అడుగున, మడత రంపం, తాడు, బెల్టు, ఇనుప కొక్కేలు, పైకి విసిరే సన్నతాడూ దాని కొసనున్న ఇసుక సంచీ కూడా పట్టుకెళ్లారు. సంచి తానే మోస్తానని పట్టుబట్టారు కాబట్టి కోడలికి బరువు తెలియలేదు. ఆఫీసరు నమ్మనట్టు మొహం పెట్టగానే టేబుల్ మీద ఒక్కొక్కటీ పేర్చాలన్నది ఆయన ఆలోచన.

గేటు దగ్గర సంచిని మెషీన్లో పెట్టారు. తెర మీద ముందు రంపం పళ్లు కనబడ్డాయి, తర్వాత కొక్కేలు, తర్వాత చుట్టలు చుట్టిన తాడు. గార్డు తెరనీ, కండక్టరుగారినీ, పక్కనున్న ఎత్తైన ప్రహరీనీ వరసగా చూశాడు. కోడలు కూడా తెర చూసింది. పెదవి కొరుక్కుని, కాగితాలు మాత్రం బయటికి తీసుకుని, ఇవి నా పనిముట్లే, మామయ్య బయటే ఉంచుతారు అని గార్డుకి నచ్చజెప్పింది.

"మామయ్యా, ఇక్కడే కూర్చోండి. దేన్నీ ముట్టుకోకండి," అని లోపలికి వెళ్లింది.

గేటు ఎదురుగా సందర్శకుల సంచులూ ఫోన్లూ దాచిపెట్టి పొట్టపోసుకునే బడ్డీవాడు ఒకడున్నాడు. కండక్టరుగారు సంచి చాపితే, అందులోకి తొంగిచూసి, రంపాలు దాచడం తన వల్ల కాదన్నాడు. కాకపోతే కూర్చోవడానికి స్టూలు ఇచ్చాడు, దాంతోపాటు తన అనుభవసారం కూడా పోశాడు. లోపలినుంచి వచ్చేవాళ్ల మొహాలు చూడనక్కర్లేదట, చేతులు చూస్తే చాలట.

"పాస్‌పోర్టు పట్టుకొస్తే ఇంటికి. గులాబీ చీటీ పట్టుకొస్తే విమానానికి. వీసా వచ్చినవాళ్ల పాస్‌పోర్టు లోపలే ఉంచుకుని ఆ చీటీ ఇస్తారు," అన్నాడు.

కండక్టరుగారికి ఈ లెక్క బాగా నచ్చింది. కిక్కిరిసిన బస్సులో ఈ చివరనుంచి ఆ చివర ఎవరి చేతిలో టికెట్ ఉందో లేదో పట్టేసిన కళ్లు ఆయనవి. కాసేపు వచ్చేవాళ్ల చేతులు చూస్తూ బుద్ధిగానే కూర్చున్నారు. ఇంతలో గార్డు నింపాదిగా వచ్చి, అసలీ సామానంతా దేనికి పెద్దాయనా అని అడిగాడు. ప్రహరీలు దూకేవాళ్ల దగ్గర ఇలాంటివే ఉంటాయన్నాడు. కండక్టరుగారు కోడలి సంగతి చెప్పారు. గార్డు నవ్వాడు. ఆ అమ్మాయా, చెట్లెక్కేదా, ఏదో ఒకటి చెప్పండిలే అన్నాడు. గేటు ముందు పడిగాపులు కాస్తున్న జనం కూడా నవ్వారు.

తనని అంటే పడి ఉండేవారే. కోడలిని అన్నాక ఆయన ఒళ్లు మండిపోయింది. పేవ్‌మెంటు మీద, ప్రహరీని ఆనుకుని, గొడుగులా విస్తరించిన చెట్టు ఒకటి ఉంది. కండక్టరుగారు లేచి, సంచి విప్పి, ఇలా చూడండి అంటూ ఇసుక సంచిని మంచి కొమ్మ చూసి విసిరారు. కోడలైనా ఒక్కోసారి రెండోసారి విసరవలసి వస్తుంది, ఆయనకి మొదటిసారే పడింది. సన్నతాడుతో అసలు తాడు లాగారు, బెల్టు బిగించారు, బరువు పడితే బిగిసి చేత్తో నొక్కితే జారే ముడి వేశారు. జనం చుట్టూ మూగారు. ఇక్కడితో వివరణ ముగించవచ్చు. కాని ఎవరో, వేయడం సరే, ఎక్కేదెవరు అన్నారు.

ఆయన ఎక్కారు. తాడు లాగుతూ, ముడి పైకి జరుపుతూ, రెండు నిలువుల ఎత్తు వెళ్లాక చప్పట్లు మోగాయి. ఆ చప్పట్లకు చెయ్యెత్తి దండం పెట్టబోతే ఎగిరిన చొక్కా కొస వెళ్లి ముడిలో ఇరుక్కుంది. బరువు పడి ముడి చొక్కాతో సహా బిగుసుకుపోయింది. ఇక పైకీ పోదు, కిందికీ రాదు. కండక్టరుగారు కళ్లు గట్టిగా మూసుకున్నారు. మళ్లీ తెరిచి చూస్తే ప్రహరీ తన మోకాళ్ల కింద ఉంది, లోపలి ఆవరణంతా అరచేతిలో ఉన్నట్టు కనిపిస్తోంది.

లోపలి గార్డులకు కూడా ఆయన అలాగే కనిపించారు. ఈల మోగింది, ఇంకో ఈల మోగింది, గేటు దబ్బున మూసేశారు. గోడ పైనుంచి ఎవరో లోపలికి చూస్తున్నారని ఒకరు, దిగబోతున్నారని ఇంకొకరు అరిచారు. ఇంటర్వ్యూలు ఆపేశారన్న కబురు క్యూలోకి పాకింది. ఇందాక చప్పట్లు కొట్టినవాళ్లే ఇప్పుడు తిట్లు లంకించుకున్నారు. గార్డు దిగమంటాడు, ఆయన దిగలేనంటారు, దిగకపోతే పోలీసులను పిలుస్తానంటాడు, వాళ్లకి నిచ్చెన తెమ్మని చెప్పమంటారు ఈయన.

అంతలో ఆయనకి ఎదురుగా అద్దాల కిటికీ, దాని వెనక కౌంటరు, కౌంటరు ముందు కోడలి వీపు కనబడ్డాయి. ఆఫీసరు కోడలి భుజం మీదుగా సరిగ్గా తనవైపే చూస్తున్నాడు. చేతులారా కోడలి విమానాన్ని తానే ఆపేశానన్నది కండక్టరుగారికి అక్కడ, గాల్లో, పూర్తిగా అర్థమైంది. కనీసం తానెవరో తెలియకుండా ఉంటే చాలని ఆకుల గుత్తి ఒకటి మొహానికి అడ్డం పెట్టుకున్నారు. కోడలు వెనక్కి తిరిగింది. మొహం దాచగలిగారు గాని తాడు దాచలేకపోయారు, అది ఆమె తాడే.

మూసిన గేటు ఆమె ఎలా తీయించిందో తెలియదు గాని, పరుగున వచ్చింది. బూట్లు విప్పి, చేతిలోదేదో పళ్ల మధ్య పెట్టుకుని, సంచిలోంచి పొట్టి తాడు తీసి, మాను చుట్టూ వేసి, ఇస్త్రీ బట్టలతోనే ఎక్కడం మొదలుపెట్టింది. తాడు జరపడం, పాదం ఆనించడం, మళ్లీ తాడు జరపడం. తిట్టేవాళ్లు తిట్లు ఆపారు. ఆఫీసరు కిటికీ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. కండక్టరుగారు అన్నాళ్లూ కిందనుంచి ఆమె పాదాలే చూశారు, మొహం ఎదురుగా రావడం ఇదే మొదటిసారి. కంగారన్నది లేదు ఆ మొహంలో. అంత భయంలోనూ ఆయన ఛాతీ పొంగింది.

పళ్ల మధ్య ఉన్నదాన్ని పెదవి మూలకి నెట్టి, "మామయ్యా, ఎడంపక్క చూడండి," అంది.

చూశారు. దుక్కలాంటి కొమ్మ, మోకాలికి జానెడు దూరంలో ఉంది. కళ్లు మూసుకుని వేలాడినంతసేపూ అది అక్కడే ఉంది.

"దాని మీద కాలు పెట్టి నిలబడండి. బరువు పోతే ముడి వదులవుతుంది."

"రంపంతో చొక్కా కోసేయమ్మా, తొందరగా అవుతుంది."

"మనిషి వేలాడే తాడు దగ్గర రంపం పెట్టకూడదని మీకు చెప్పానుగా."

ఆయన నిలబడ్డారు. ముడి వదులైంది. చొక్కా కొస చిరుగుతో సహా బయటికొచ్చింది. కోడలు ముడిని నాలుగు వైపులా పరీక్షగా చూసింది.

"ఇది మీరే వేశారా?"

"నేనే. తప్పా?"

"నేను వేసినట్టే ఉంది," అంది కోడలు, ఆ ముడి మీదే చెయ్యి ఉంచి ఆయన్ని మెల్లగా కిందికి దించింది.

పార్కుల శాఖ ఆమెకిచ్చిన సర్టిఫికెట్ కన్నా ఆ ఒక్క మాట పెద్దదిగా తోచింది కండక్టరుగారికి. నేలమీద కాలు పెట్టాక కళ్లు తడిశాయి, అది చెమటేనని సర్దిచెప్పుకున్నారు. గేటు తెరుచుకుని ఆఫీసరే స్వయంగా వచ్చాడు. తాడు చూశాడు, ముడి చూశాడు, ఈయన ఎవరని కోడలిని అడిగాడు. మా మామగారండీ, కింద తాడు పట్టుకునేది ఈయనే అని చెప్పింది. ఇక మీదట కిందే ఉండమనండి అని నవ్వి, గార్డుకి వదిలేయమని సైగ చేసి వెళ్లిపోయాడు.

"ఇచ్చేశారు మామయ్యా," అంది కోడలు బూట్లు తొడుక్కుంటూ.

బడ్డీవాడు అందుకున్నాడు. తన అనుభవంలో ఆఫీసరు బయటికి రావడం ఎప్పుడూ చూడలేదనీ, పని కళ్లారా చూశాక ఇవ్వకేం చేస్తాడనీ, పెద్దాయన ఎక్కబట్టే ఈ అమ్మాయికి వీసా వచ్చిందనీ జనానికి తేల్చి చెప్పాడు. జనం ఒప్పుకున్నారు. గార్డు కూడా సంచి మోసుకొచ్చి ఇచ్చాడు. కండక్టరుగారు చిరిగిన చొక్కాలోనే నిటారుగా బస్టాపుకి నడిచారు.

బస్సు సగం దూరం వెళ్లేదాకా ఆయనదే మాట. తర్వాత కొత్త కండక్టరు వచ్చి టికెట్ అన్నాడు. కోడలు జేబులో చెయ్యిపెట్టి టికెట్లు తీస్తే, వాటితో పాటు గులాబీ చీటీ ఒకటి ఒళ్లో పడింది. అంచున పళ్ల గాట్లున్నాయి. ఆమె దాన్ని గబుక్కున లోపల పెట్టి కిటికీలోంచి చెట్లు చూడసాగింది. కండక్టరుగారు మాట మధ్యలో ఆగిపోయారు. చెట్టెక్కి వచ్చేటప్పటికే ఆ చీటీ ఆమె నోట్లో ఉంది. అంటే తాను గాల్లో ఆకులు అడ్డం పెట్టుకున్నప్పటికే ఆమెకి వీసా ఇచ్చేశారు. తానెక్కినా ఎక్కకపోయినా ఒకటే. ఎంత దూరంలో ఉన్న టికెట్‌నైనా పట్టే కళ్లు, మూరెడు దూరంలో ఉన్న ఈ ఒక్కదాన్నీ చూడలేకపోయాయి.

నిజం తానే చెప్పేద్దామని ఆయన వీధి మలుపు దాకా అనుకుంటూనే వచ్చారు. గుమ్మంలో అత్తగారు, ఆవిడ వెనక ఇరుగుపొరుగువాళ్లు ఆత్రంగా నిలబడి ఉన్నారు. ఏమైందని అత్తగారు అడిగింది, ఆ చొక్కా ఏమిటని కూడా అడిగింది. ఆయన గొంతు సవరించుకునేలోపే కోడలు అందుకుంది.

"వీసా వచ్చిందత్తయ్యా. మామయ్య చెట్టెక్కి చూపించబట్టే వచ్చింది."

కండక్టరుగారు కోడలి వైపు చూశారు. ఆమె ఎంతో మామూలుగా సంచిలోంచి తాడు తీసి, చొక్కా ఇరుక్కున్న చోట దెబ్బతిందేమోనని వేళ్లతో తడిమి చూస్తోంది. వీధంతా ఆయన చుట్టూ మూగి, ఎలా ఎక్కారో చెప్పమంది. సర్వీసంతా టికెట్ లేనివాళ్లని మొహమాటం లేకుండా దారిలోనే దింపేసిన కండక్టరుగారు, ఆ సాయంత్రం మాత్రం టికెట్ లేకుండానే ఆ కథెక్కి చివరి స్టాపు దాకా దిగలేదు.