నమ్మకపు కోత

"మానవజాతి చరిత్రలో వినేవాడి గురించి పట్టించుకున్న మొట్టమొదటి వక్త ఎవరో తెలుసా? మన టవర్!"

ఇంజనీరుగారు ఈ మాట అద్దం ముందు పదకొండోసారి అన్నారు. మర్నాడు ఆయన టవర్‌ని పరీక్షించడానికి సంస్థ పెద్దసారు స్వయంగా వస్తున్నారు. పెద్దసారు సంతకం పడితే టవర్ పెద్దాసుపత్రికి వెళ్తుంది, ఇంజనీరుగారు చీఫ్ ఇంజనీరు కుర్చీలోకి వెళ్తారు. పడకపోతే టవర్ గోదాములోకి వెళ్తుంది, ఇంజనీరుగారు ఉన్నచోటే ఉంటారు. ఉన్నచోట ఆయన ఇప్పటికి పన్నెండేళ్ళుగా ఉన్నారు.

"ఏవండీ! స్టవ్ మీద పాలు చూడమని చెప్పాను, విన్నారా?" అని పక్కగదిలోంచి భార్య కేకేసింది.

"బ్రహ్మాండంగా వినబడింది!" అన్నారాయన. పాలు అప్పటికే పొంగి స్టవ్ అంతా పారాయి.

ఇంతకీ ఆ టవర్ గొప్పతనం చెప్పుకోవాలి. ఆఫీసు మేడ మీద అరవై నాలుగు యాంటెన్నాలు. ఎనిమిది ఫోన్లతో ఒకేసారి మాట్లాడుతుంది, ఎవరి మాట వాళ్ళకే అందిస్తుంది. తనకు ఎంత బాగా వినబడుతోందో ప్రతి ఫోనూ సున్నా నుంచి పదిహేను దాకా ఒక అంకె వేసి టవర్‌కి పంపుతుంది. అంకె పెద్దదైతే టవర్ గబగబా చెప్పేస్తుంది. చిన్నదైతే నిదానిస్తుంది, విడమరిచి చెప్తుంది. అంత ఓపిక ఆ ఆఫీసులో మరెవరికీ లేదు.

ఆ మధ్యాహ్నం ఆఫీసులో టెక్నీషియనమ్మాయి వచ్చి చెప్పింది. "సార్, మెట్ల దగ్గరి ఫోను మూడు చూపిస్తోంది. టవర్ పంపే వీడియో కాస్త నెమ్మదిగా వస్తోంది గానీ, వస్తోంది."

"మూడా! ఈ అంకెలన్నీ కనబడే గోడమీద బోర్డులో పెద్దసారు మూడు చూస్తే నేను ముఖం ఎక్కడ పెట్టుకోను?"

"ఉన్నది మూడే కదా సార్. మధ్యలో రెండు గోడలు, ఒక లిఫ్టు."

"ఉన్నది నాకు తెలీదా? అన్ని ఫోన్లూ పద్నాలుగు చెప్పేలా మార్చెయ్. పెద్దసారు చేతికిచ్చేది మాత్రం పదిహేను చెప్పాలి. ఆయనా మనమూ ఒకటేనా?"

"టవర్ అది నమ్మేసి అందరికీ గబగబా చెప్పేస్తే? ఎవరికీ ఏమీ అందదు సార్. మా అక్క పెద్దాసుపత్రిలోనే నర్సు. నాలుగో అంతస్తు చివరి వార్డులో ఫోన్‌కి ఎక్స్‌రే బొమ్మ రాదని రోజుకి పదిసార్లు మెట్లు దిగుతోంది. ఈ టవర్ వస్తే..."

"వస్తుంది! ముందు సంతకం పడాలి కదా? అందలేదని పైవాళ్ళతో చెప్పినవాణ్ణి నా సర్వీసులో ఇంతవరకు చూడలేదు. అన్నట్టు, ఆ బోర్డు బోసిగా ఉంది. దాచిపెట్టిన కాలమ్‌లు కూడా అన్నీ పెట్టు. నిండుగా కనబడాలి!"

మర్నాడు పెద్దసారు వచ్చారు. ఎండ తగలకుండా ఆయన్ని ఇనుప బీరువాల వెనక మెత్తటి సోఫాలో కూర్చోబెట్టారు. మిగతా ఏడుగురు సిబ్బంది ఫోన్లు పట్టుకుని తలా ఒక మూల నిలబడ్డారు, అందులో ఇంజనీరుగారూ ఒకరు. బోర్డు మీద అన్నీ పద్నాలుగులే, పైన ఒక్క పదిహేను. ఇంజనీరుగారు గొంతు సవరించుకుని, మానవజాతి చరిత్ర ఎత్తుకుని, బటన్ నొక్కారు.

ఎనిమిది ఫోన్లలోనూ వీడియో బదులు చక్రం తిరగడం మొదలైంది. తిరుగుతూనే ఉంది.

"ఎలా వస్తోంది?" అన్నారు పెద్దసారు.

"అద్భుతం సార్!" అన్నాడు గుమస్తా, తిరిగే చక్రాన్ని చూస్తూ. "సినిమా హాల్లో ఉన్నట్టుంది సార్!" అన్నాడు మెట్ల దగ్గరి డ్రైవరు. పెద్దసారు తన ఫోన్ వంక చూసుకున్నారు. తనొక్కడికే రావడం లేదంటే పరువేం కాను? "భేష్!" అని తల ఆడించారు.

అర నిమిషం గడిచాక విచిత్రం జరిగింది. చక్రాలు ఒక్కొక్కటే ఆగి, వీడియో నిజంగానే రావడం మొదలెట్టింది. నెమ్మదిగానే వచ్చింది, కానీ అందరికీ వచ్చింది. అందరికంటే ఎక్కువ ఆశ్చర్యపోయింది ఇంజనీరుగారే.

"ఏమయ్యా, ఆ చివర ఏమిటది?" పెద్దసారు బోర్డు వైపు వేలు చూపించారు.

చివరి కాలమ్ పేరు 'నమ్మకపు కోత'. డ్రైవరు ఎదురుగా పదకొండు, గుమస్తా ఎదురుగా ఆరు. అన్నిటికంటే పైన, పెద్దసారు ఎదురుగా, పద్నాలుగు!

ఇంజనీరుగారు బోర్డుకి అడ్డంగా నిలబడబోయారు. టెక్నీషియనమ్మాయి ఈలోగా చెప్పేసింది. "టవర్ ఫోన్ల మాట గుడ్డిగా నమ్మదు సార్. పంపింది అందిందో లేదో లెక్క చూస్తుంది. బాగా వినబడుతోందని చెప్పి అందుకోలేకపోతే, ఆ ఫోను చెప్పే అంకెలోంచి కొంత కోసేసి, అందుకు తగ్గట్టు నిదానిస్తుంది. ఇది మా సారే రాశారు, ఉద్యోగంలో చేరిన కొత్తలో."

నిజమే, తనే రాశాడు. మనుషులు అబద్ధం చెప్తారని, అయినా వాళ్ళకు అందాల్సింది అందాలని ఆలోచించిన ఆ కొత్త ఇంజనీరు గుర్తొచ్చాడు. ఇప్పుడు వాడికి దొరికిపోయినందుకు ఇంజనీరుగారికి నిజంగా సిగ్గేసింది.

పెద్దసారు ముఖం కందగడ్డలా అయింది. "అంటే నీ టవర్ నన్ను పదిహేనులో ఒక్క వంతు నమ్ముతుందా? నన్నా? భోంచేసి మూడింటికి వస్తాను. ఈలోగా ఆ కాలమ్ ఉండకూడదు. ఉంటే సంతకం లేదు!"

ఆయన వెళ్ళగానే టెక్నీషియనమ్మాయి మెల్లగా అడిగింది. "కోత తీసేస్తే ఆ చక్రాలు తిరుగుతూనే ఉంటాయి సార్. పోనీ ఫోన్లలో నిజం పెట్టేద్దామా?"

"మూడు చూసి సంతకం పెడతాడా ఆయన?"

"మరి మా అక్కకి ఏం చెప్పమంటారు?"

ఇంజనీరుగారు కంప్యూటర్ ముందు కూర్చుని రెండు నిమిషాలు టకటకలాడించారు.

"కోత తీసేశారా సార్?"

"లోపల ఒక్క అక్షరం ముట్టుకోలేదు. బోర్డు మీద పేరు మార్చానంతే."

మూడింటికి పెద్దసారు వచ్చి బోర్డు చూశారు. చివరి కాలమ్ పేరు 'గౌరవాంకం'.

"ఇదేమిటి?"

"టవర్ ఎవరికి ఎంత గౌరవం ఇస్తోందో చూపించే అంకె సార్. మనిషి స్థాయిని తనంతట తానే కనిపెట్టి, ఆగి, వినయంగా మాట్లాడుతుంది. తమరిది పద్నాలుగు సార్. ఈ భవనంలో అందరికంటే ఎక్కువ!"

"పొద్దున కోత అని ఉందే?"

"అచ్చుతప్పు సార్!"

పెద్దసారు చాలాసేపు ఆ పద్నాలుగు వంకే చూశారు. ముఖం విప్పారింది. "ఎంత తెలివైన యంత్రమయ్యా!" అని సంతకం పెట్టి, బోర్డును ఫోటో తీయించి తన గదిలో తగిలించుకున్నారు.

టవర్ ఆసుపత్రికి వెళ్ళింది. చివరి వార్డులో బొమ్మలు నెమ్మదిగా వస్తున్నాయట గానీ, అన్నీ వస్తున్నాయట. అక్క మెట్లు దిగడం మానేసిందని టెక్నీషియనమ్మాయి వచ్చి చెప్తే, ఇంజనీరుగారికి చాలా ఏళ్ళ తర్వాత కడుపు నిండినట్టయింది. ఇటు ఆఫీసు మేడ మీద పెద్దసారు అలాంటిదే ఇంకో టవర్ పెట్టించి, అధికారులందరికీ ఆ పద్నాలుగు చెప్పే ఫోన్లే ఇప్పించారు, దాంతో పెద్ద గొడవ మొదలైంది. నాకు తొమ్మిదే ఎందుకు, ఆయనకి పది ఎలా వచ్చింది అని అధికారులు అర్జీలు పెట్టుకున్నారు. గౌరవం పెరుగుతుందని ఎవరో చెప్తే, ఒకాయన తన కుర్చీని ఇనుప బీరువా వెనక్కి జరిపించుకున్నాడు. నిజంగానే పెరిగింది కూడాను.

ఇంజనీరుగారు చీఫ్ ఇంజనీరయ్యారు. లిఫ్టు వెనక పెద్ద గది ఇచ్చారు. మొదటి రోజు తలుపు వేసుకుని, ఎవరూ చూడకుండా బోర్డు తెరిచి, తన పేరు వెతుక్కున్నారు. గౌరవాంకం పదమూడు.

ఆ అంకె దేనికి కొలతో ఈ ప్రపంచంలో ఆయనకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. అయినా సరే, పెద్దసారు కంటే ఒకటి తగ్గినందుకు ఆయనకి ఆ పూటంతా మనసు మనసులో లేదు.