మా పాప గాసిప్

మనవరాలి జ్ఞానస్నానం రోజున ఇస్త్రీ చొక్కా తొడుక్కుని అందరికంటే ముందు గుడికి చేరాలన్నది జ్ఞానదాసు మాస్టారి ప్లాను. పోర్టు దగ్గర బళ్ళో ఇంగ్లీషు చెప్పి రిటైరైన ఆయనకు మాటల పుట్టుపూర్వోత్తరాలంటే ప్రాణం. జ్ఞానస్నానంలో పాప పూచీ తీసుకునే జ్ఞానతండ్రి ఆయనే, జ్ఞానతల్లి ఆయన చెల్లెలు జయశీల. కాన్పుల వార్డులో నర్సు. పాపను మొదట అందుకున్న చేతులు ఆవిడవే. అలాంటి చెల్లెలికి మామూలు మాట చాలదని, పాత ఇంగ్లీషు నుంచి ఒకటి ఏరి, ఆవిడ ఫొటోతో గుడి గేటుకి పెద్ద ఫ్లెక్సీ కట్టించాడు.

"మా పాప గాసిప్: జయశీల."

యారాడ నుంచి ఆటోలో వచ్చిన చుట్టాలు దాన్ని ఫొటో తీసి గ్రూపులో పెట్టారు. అక్కడి నుంచి అది ఆసుపత్రికి పాకింది. ఏ పేషెంటు సంగతి బయటపెట్టావని హెడ్ నర్సు జయశీలను ఫోన్లో నిలదీసింది. జయశీల కొడుక్కి పిల్లనివ్వబోతూ వేడుకకొచ్చిన తగరపువలసవాళ్ళు, అత్తగారి నోరు అలాంటిదైతే మరోసారి ఆలోచించుకుంటామన్నారు. జయశీల గుడి మెట్ల మీదే కూలబడింది. పాపను ఎత్తుకోనంది. జ్ఞానతల్లి లేందే ఎలాగని ఫాదర్ వాచీ చూసుకున్నారు. పాప తల్లి స్టెఫీ నాన్నకేసి చూసిన చూపుకి మాస్టారి ఇస్త్రీ అంతా నలిగిపోయింది.

"నానేటి సేసానన్నయ్యా? ఊరందరి ముందూ నన్ను సాడీలు మోసేదాన్ని సేసీసావు."

మాస్టారు నెమ్మదిగా ఆవిడ పక్కన కూర్చున్నాడు. చుట్టూ జనం మూగారు.

"అది పూర్వం గాడ్‌సిబ్ అమ్మా. గాడ్ అంటే దేవుడు, సిబ్ అంటే చుట్టం. దేవుడిచ్చిన చుట్టం. జ్ఞానతల్లినీ, జ్ఞానతండ్రినీ అలాగే పిలిచేవారు. తరవాత కాన్పుకి తోడున్న ఆడవాళ్ళందర్నీ అన్నారు. వాళ్ళు కూర్చుని కబుర్లు చెప్పుకునేవారని లోకం ఆ మాటని పాడుచేసింది. వాళ్ళేం పాడవలేదు."

జయశీల కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తన చేతుల్లో పుట్టిన పిల్లలెందరో ఆ గుంపులోనే తల్లుల పక్కన నిలబడి ఉన్నారు.

"అయితే నువ్వూ గాసిప్పేనా?"

"నేనూనూ."

"అది మైకులో సెప్పు."

చెప్పాడు, ఛాతీ విరుచుకుని మరీ, అర్థంతో సహా. జయశీల తలెత్తుకుని పాపను అందుకుంది. తగరపువలసావిడ వెళ్ళి ఫ్లెక్సీ ముందు సెల్ఫీ తీసుకుంది. కాన్పునాడు ఆసుపత్రికి కాఫీ ఫ్లాస్కు తెచ్చినావిడా, పాతచీరలు తెచ్చినావిడా, ఊరికే చూసిపోయినావిడా ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

అందరూ లోపలికెళ్ళి కూర్చున్నాక ఫాదర్ మైకు సవరించుకుని, పాప గాసిప్‌లు ముందుకు రావాలన్నారు.

సగం గుడి లేచి నిలబడింది.