గడ్డి గదిలో పైడితల్లి

పైడితల్లిని వరిగడ్డిలో వేసి అప్పటికి ఆరేళ్లయింది, ఇంకా మాగలేదు.

ఆ జిల్లా ఉపాధి కార్యాలయంలో ఉద్యోగం అడిగిన వాళ్లందరినీ ముందు గడ్డిలో మాగవేస్తారు. ఆడవాళ్ల గది వెనకవైపు ఉంటుంది. వెచ్చదనం పోకుండా కిటికీలకు గోనెపట్టాలు కట్టారు. పొద్దున పదింటికి వచ్చి ఎవరి వరుసలో వాళ్లు పడుకోవాలి, అయిదింటికి గడ్డి దులుపుకుని ఇళ్లకు పోవాలి. ప్రతి సోమవారం దండపాణి గారనే అధికారి వచ్చి, మెడ వెనక, కాయకైతే ముచ్చిక ఉండే చోట, బొటనవేలితో నొక్కి చూస్తారు. రిజిస్టరులో పచ్చి, దోర, పక్వం, మెత్తన అని నాలుగు గడులు. పక్వానికి వచ్చిన వాళ్లకు ఆ రోజే ఉత్తర్వు చేతికిస్తారు. కార్బైడు వాడరాదని గోడ మీద బోర్డు ఉంది. పెద్దింటి పిల్లలను ఇళ్లలోనే ఆ పొడితో మాగవేస్తారనీ, వాళ్లు బంగారు రంగులో మెరుస్తూ వచ్చి ఒక్క పూటలో కుర్చీ ఎక్కుతారనీ అందరికీ తెలుసు. బొటనవేలికి లోపలి సంగతి తెలియదు కదా.

పైడితల్లికి కావలసింది మునిసిపాలిటీలో జనన మరణాలు రాసే గుమాస్తా పని. ఆమెకు ముప్పై మూడేళ్లు. ముప్పై నాలుగు దాటితే ఆ పనికి తీసుకోరు. తల్లి ఆదెమ్మ బడిలో వంట చేసి, ఆ పొగకు కళ్లు మసకబారుతున్నా కూతురిని బి.ఏ. దాకా చదివించింది. రోజూ సాయంత్రం మెడ తడిమి, "దోరకొచ్చినట్టున్నావే అమ్మా" అనేది.

పని రాక కాదు. రెండో ఏటి నుంచి ఆ రిజిస్టరు రాస్తున్నది పైడితల్లే. దండపాణి గారి దస్తూరీ బాగుండదు. ఆయన నొక్కి చెబితే, ఆమె గడ్డిలోంచి లేచి రాసేది. తన పేరుకెదురుగా "పచ్చి" అని రెండు వందల సార్లకు పైగా రాసింది, ఒక్క కొట్టివేత లేకుండా.

"రాతపనికి పచ్చిదాన్నని నువ్వే రాస్తన్నావు. సిగ్గునేదేటే?" అంది పక్క వరుస కళావతి, గడ్డిపరకతో పళ్లు కుట్టుకుంటూ.

"ఇది ఊరికే రాయడమే. ఉజ్జోగమంటే ఏరే" అంది పైడితల్లి. నిజంగానే అలా అనుకుంటోంది. నిద్ర లేస్తూనే మెడ నొక్కుకుని, గట్టిగా తగిలితే, ఇంకా కాలేదులే అనుకునేది.

ఆ ఏడు శ్రావణంలో ఒక సోమవారం దండపాణి గారి వేలు ఆమె మెడ దగ్గర ఆగింది. మళ్లీ నొక్కారు. వంగి వాసన చూశారు.

"వచ్చినట్టే ఉందమ్మా. గుమాస్తా పోస్టూ ఖాళీగుంది. నీకేటనిపిస్తంది?"

అనుమానం ఉన్నచోట అభ్యర్థినే అడగాలన్నది నిబంధన. గది అంతా లేచి కూర్చుంది.

"సెప్పవే, పీనుగా!" కళావతి కాలితో పొడిచింది.

పైడితల్లికి జనన మరణాల పుస్తకం కళ్లముందుకొచ్చింది. రేపు ఎవరో చచ్చిపోతారు, వాళ్ల పేరు తను రాయాలి. తప్పు పడితే?

"ఇంకో వారం ఉంచండి బాబూ. ముచ్చిక కాడ కొంచెం గట్టిగుంది."

"బుద్ధిమంతురాలివి" అని మెచ్చుకుని, ఆయన ఆమె చేతనే "దోర" అని రాయించారు.

మరుసటి సోమవారం వేలు గోరు దాకా దిగిపోయింది.

"అయ్యో, మరీ మగ్గిపోయావు కదమ్మా."

పైడితల్లి రిజిస్టరు తీసి, గుండ్రని అక్షరాలతో "మెత్తన" అని రాసుకుంది. గుమాస్తా పోస్టు అప్పటికే ఒక కౌన్సిలరు తమ్ముడికి వెళ్లింది. అతను ఇంట్లో మాగినవాడు.

మెత్తనైన వాళ్లను గదిలోంచి తీసేయరు. పచ్చికాయల మధ్య ఒక మగ్గిన పండు వేస్తే మిగతావి తొందరగా మాగుతాయని పండ్ల బండి పెట్టుకున్న వాళ్లెవరైనా చెబుతారు. అందుకని ఆమెను గది నడిమధ్యకు మార్చారు. అది ఉద్యోగం కిందికి రాదు కాబట్టి జీతం లేదు. ఆదెమ్మ సాయంత్రాలు మెడ తడమడం మానేసింది. ఇంకో రెండేళ్లు వంటకు వస్తానని బడిలో చెప్పి వచ్చింది.

కార్తీకంలో ఒక కొత్త పిల్ల సర్టిఫికెట్లు ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని వచ్చి, పైడితల్లి పక్కన పడుకుంది.

"నాకు పనంతా వచ్చక్కా. కంప్యూటరు కూడా నేర్చుకున్నాను. నన్నిక్కడ ఎందుకేశారు?"

పైడితల్లి ఆమె మెడ వెనక బొటనవేలు ఆనించింది. చర్మం వేలికి సరిగ్గా లొంగింది. అంత చక్కగా పక్వానికి వచ్చిన పిల్లను ఆమె ఆ గదిలో ఎన్నడూ చూడలేదు.

"ఇంకా గట్టిగున్నావు తల్లీ" అని ప్రేమగా గడ్డి కప్పింది.

ఆ పిల్ల చెయ్యి వెనక్కి పెట్టి తన మెడ తానే నొక్కి చూసుకుంది.

"నిజమేనక్కా" అంది. "నాకే తెలీలేదు."