ఎడంచేతి కుట్టు

ఆ ఉదయం కొత్త విలేకరి చేయవలసిన పనులు నాలుగు: మేనత్త కుట్టుమిషనుకు బెల్టు తేవడం, చొక్కా ఇస్త్రీ చేసుకోవడం, కొత్త సూపర్‌హీరో సీరియల్ మొదటి భాగం చూడటం, పదకొండింటికల్లా దాని మీద తొలి అభిప్రాయం రాసి ఎడిటర్‌కు పంపడం. నాలుగోది కుదిరితే ఉద్యోగం పర్మనెంటు. ఆ ఇంట్లో డిగ్రీ మొహం చూసిన మొదటివాడు అతనే. చదివించింది ఆ కుట్టుమిషనే.

మొదటి రెండూ అయ్యాయి. మూడోదానికి మేనత్త పక్కన కూర్చున్నాడు. రాత్రి డ్యూటీ చేసి వచ్చిన కళ్లు, హీరో మేడమీంచి దూకేసరికి మూతలు పడ్డాయి. తెరిచేసరికి తెరమీద పేర్లు పరిగెడుతున్నాయి. సీరియల్ కంపెనీ పంపిన కాపీ ఒక్కసారే ఆడుతుంది. టైము పదిన్నర.

"అత్తా, కొంప మునిగింది! ఏం జరిగిందో చెప్పు!"

"ఏముందిరా, బుద్ధిమంతుడు. ఎగురుతాడు. వీపున వేలాడే ఆ గుడ్డ వాళ్లమ్మే కుట్టిచ్చింది. చేతికుట్లన్నీ ఎడమకి వాలాయి, ఎడంచేతి వాటం మనిషి. ముసుగు విలన్ కోటు మీదా అవే కుట్లు. వాళ్లమ్మేరా విలన్! పాపం, పిల్లాడికి తెలీదు."

అతను పొల్లుపోకుండా రాసి పంపాడు. పన్నెండింటికల్లా పత్రిక వెబ్‌సైటులో "తల్లే విలన్!" అని హెడ్డింగు వెలిగింది.

ఒంటిగంటకు కంపెనీ అట్టుడికింది. పదో భాగంలో విప్పాల్సిన రహస్యం అది, నలుగురికే తెలుసు. రచయిత డైరెక్టర్‌ని అనుమానించాడు. డైరెక్టర్ రచయిత ఫోను లాక్కున్నాడు. తల్లి వేషం వేసినావిడ ఒట్లు పెట్టుకుని ఏడ్చింది. నాలుగోవాడు లాయరు. ఆయన డైరెక్టర్‌ని వెంటేసుకుని పత్రికాఫీసు మీద పడ్డాడు.

"ఏవయ్యా, ఎవరు చెప్పారు నీకు?" అన్నాడు ఎడిటర్, పర్మనెంటు కాగితాన్ని సొరుగులోకి నెడుతూ.

"నిజం చెప్పేస్తాను సార్. నేను నిద్రపోయాను. చూసింది మా అత్త."

మేనత్తకు కబురు వెళ్లింది. మెడలో టేపుతోనే వచ్చి, కుట్ల సంగతి ఓపిగ్గా చెప్పింది.

డైరెక్టర్ పకపకా నవ్వాడు. "అమ్మా, మా బట్టలన్నీ కుట్టేది ఒకే దర్జీ. ఆయనది ఎడంచేతి వాటం. పోలీసుల చొక్కాలకీ అవే కుట్లు! మీ లెక్క శుద్ధ తప్పు."

"తప్పయితే, ఇంత ఎండలో మీరెందుకొచ్చారు బాబూ?"

లాయరు ఫైలు మూసేశాడు.

ఎడిటర్ సొరుగు తెరిచి సంతకం గీకేశాడు. "రాసింది నిజమేనని వాళ్లే వచ్చి చెప్పారు, ఇంకేం కావాలి? రెండో భాగం కూడా ఇద్దరూ కలిసే చూడండి. నువ్వు పడుకున్నా ఫరవాలేదు."

ఆ సీరియల్ మీ ఇంట్లో వస్తుంటే, చివర్న పేర్లు పరిగెత్తేటప్పుడు టీవీ కట్టెయ్యకండి. అట్టడుగున ఒక దర్జీ పేరుంటుంది. ఆయన్ని ఒక్కసారి తలుచుకోండి. ఇంత గొడవా తన చేతి వాటం వల్లేనని ఆయనకి ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.